తాడు దగ్గర ఒకే మాట

ఎవరింటికి వెళ్లినా అతను ముందు మనుషుల్ని పలకరించడు. తలుపు ఎటు ఒరిగింది, బీరువా ఎటు వాలింది, మెట్ల పక్క కమ్మీ నిలువుగా ఉందా లేదా అన్నది ముందు చూస్తాడు. "మీ బీరువా ఎడమకి వంగిందండీ, కింద అట్టముక్క ఏదైనా పెట్టండి" అన్నాకే "బాగున్నారా" అంటాడు. పెళ్లైన కొత్తలో తన ముఖం కన్నా వంటింటి అలమర మీదే ఆయనకి ధ్యాస ఎక్కువని భార్య ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది. చెట్లు కొట్టడం అతని పని, ఒరిగినవి తప్ప ఇంకేవీ ముట్టడు కాబట్టి అందరూ వాలు మేస్త్రీ అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు.

చెట్టు కొట్టడమంటే కండ బలం ఉంటే చాలనుకునే పెద్దమనుషుల్ని ఒక్కసారి తీసుకెళ్లి వాలుచెట్టు వెనక నిలబెట్టాలి. వద్దులెండి, పాపం. నిటారు చెట్టు ఎటు పడమంటే అటు పడుతుంది, దాంతో పేచీ లేదు. ఒరిగిన చెట్టు సంగతి వేరు. ఏళ్ల తరబడి ఒక పక్క బరువు మోసి మోసి దాని వీపు బిగుసుకుపోయి ఉంటుంది. ఆ వీపు మీద మామూలుగా మోటారు రంపం పెట్టి కోస్తూ పోతే, సగం కూడా తెగకముందే మాను నిలువునా చీలుతుంది. చీలిన వెనక సగం పైకి లేచి, కోసేవాడి గడ్డం కింద కొడుతుంది. ఈ పనిలో దాన్ని చెట్టు తన్నడం అంటారు. గాడిద తన్నితే లేచి దులుపుకోవచ్చు. చెట్టు తన్నితే దులుపుకోవడానికి మనిషి మిగలడు.

మేస్త్రీకి ఈ పని నేర్పింది వాళ్ల నాన్న. ఆయన పద్ధతి ఆయనదే. ఎటు పడాలో అటు పక్కన మానుకి చిన్న నోరు తెరవాలి. ఆశపడి పెద్దది తెరవకూడదు, తెరిస్తే రంపాన్ని నమిలేస్తుంది. ఆ నోటి వెనక నాలుగు వేళ్ల మందం వదిలేయాలి. అది కీలు. తలుపుకి మడతబందు ఎలాగో పడే చెట్టుకి అది అలాగ. కీలు వెనక నుంచి రంపం ముక్కుని మాను కడుపులోకి పొడిచి, అటు వైపు దాకా తోసి, అక్కడి నుంచి వీపు వైపు కోసుకుంటూ రావాలి. వీపు దాకా వచ్చి, కాస్త ఉండగా ఆపేయాలి. ఆ మిగిలిన కాస్తని ఆయన తోక అనేవాడు. ముందు కీలు, వెనక తోక, మధ్యలో ఖాళీ. ఆ రెంటి మీదే చెట్టు ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటుంది. అప్పుడు రంపం బయటికి తీసి, ఊపిరి పీల్చుకుని, తాడు దగ్గరున్న మనిషి మాట కోసం చూడాలి. మాట వచ్చాక తోక మీద ఒక్క వేటు. చెట్టుకి చీలే వ్యవధి ఉండదు, తన్నే తీరిక ఉండదు, పడుతుందంతే.

ఆ మాట 'కానీ'.

ఆయన కాలం నుంచీ అదే. చెట్టు పక్కకి దొర్లిపోకుండా పై కొమ్మకి తాడు కట్టి, దూరంగా బిగించి, ఒక మనిషి కాపలా ఉంటాడు. తాడు బిగువుగా ఉంది, ముడి గట్టిగా ఉంది, పడేచోట పిల్లి కూడా లేదు అని చూసుకున్నాక అతను గట్టిగా "కానీ" అంటాడు. అంటే కానివ్వు, కొయ్యి అని. తాడు దగ్గర ఆ ఒక్కటి తప్ప వేరే మాట నోట్లోంచి రాకూడదు. దగ్గొస్తే మింగాలి.

మేస్త్రీకి ఒక చెల్లెలుంది. చిన్నప్పుడు నాన్నకి క్యారేజీ తెచ్చే వంకతో వచ్చి, సాయంత్రం దాకా దుంగల మీదే కూర్చునేది. గొంతు పెద్దది కాబట్టి అప్పుడప్పుడు నాన్న దానికి ఆ మాట చెప్పే పని ఇచ్చేవాడు. చిన్న చెట్లకేలెండి. ఒకరోజు ఆ పిల్ల గంభీరంగా అడిగింది. "నాన్నా, కానీ అంటే కొయ్యమనా, ఆగమనా?"

"అదేం ప్రశ్నే?"

"మొన్న అమ్మ 'నీకు గౌను కొంటాను, కానీ' అంది. కొనలేదుగా."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "మీ అమ్మ దగ్గర ఆగు, నా దగ్గర కొయ్యి" అన్నాడు. అన్నయ్య కూడా నవ్వాడు. కొన్నాళ్లు ఇంట్లో ఎవరు ఎవరికి ఏం చెప్పినా "కొయ్యమనా, ఆగమనా?" అని ఆటపట్టించుకున్నారు. మాట మారుద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. తాత వాడిన గొడ్డలిపిడి కూడా మార్చని కొంప అది.

నాన్న పోయాక తాడు దగ్గరికి చెల్లెలి మొగుడు వచ్చాడు. కలప లారీకి తాళ్లు బిగించే మనిషి. ముడి వేశాడంటే ఏనుగు లాగినా రాదు, ఒక్క వేలితో తడితే విడిపోతుంది. చేతులు అంత మంచివి. నోరే మూతపడదు. అతనికి రేడియో అని పేరు పెట్టింది ఎవరో కాదు, కట్టుకున్న పెళ్లామే. మేస్త్రీ అతన్ని బావా అంటాడు, అతను మేస్త్రీని బావా అంటాడు. పని దగ్గర 'బావా' అని కేక వినిపిస్తే ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో కూలీలకి అర్థమయ్యేది కాదు. ఇద్దరూ ఒకే డబ్బాలోంచి తినేవాళ్లు, ఒకే మోటారు సైకిలు మీద తిరిగేవాళ్లు. అన్నదమ్ములు కూడా అంత ఒద్దికగా ఉండరని వీధిలో దిష్టి పెట్టేంత స్నేహం.

రేడియోకి ఒక అలవాటుంది. ఏ మాటా ఊరికే ఒప్పుకోడు. "కూర బాగుంది, కానీ." "సినిమా పర్లేదు, కానీ." "మీ అన్నయ్య మంచోడే, కానీ." అక్కడ ఒక్క క్షణం ఆగి, ఎదుటివాళ్లు తనవైపు చూశాక మిగతాది చెబుతాడు. కథలు చెప్పేవాడి లక్షణం అది. మేస్త్రీ మొదట్లోనే హెచ్చరించాడు.

"బావా, ఇంట్లో నీ ఇష్టం. తాడు దగ్గర మాత్రం ఆ మాట తోక తెంపడానికే."

"నాకు తెలీదేంటి? నువ్వు మరీ చాదస్తం బావా. మంచోడివే, కానీ" అని కన్ను కొట్టాడు రేడియో. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. ఇప్పుడు తల్చుకుంటే ఆ నవ్వు మీద మన్ను పొయ్యాలనిపిస్తుంది.

ఆ రోజు చెట్టు ఒక గోదాము వెనక ఉన్న నీలగిరి. ముందుకి వాలింది, దానికి తోడు ఎడమకి, గోదాము రేకుల మీదికి కాస్త తిరిగింది. రెండు వాలులున్న చెట్టంటే ఇద్దరు అత్తగార్లున్న ఇల్లనుకోండి. ఒకర్ని సముదాయిస్తే ఇంకొకరు లేస్తారు. మేస్త్రీ మానుకి నోరు తెరిచాడు. కీలుని రేకుల వైపు సన్నగా, ఇవతల లావుగా ఉంచాడు, పడేటప్పుడు ఆ లావు పక్క చెట్టుని ఇటు పట్టి ఉంచుతుందని. కడుపులో పొడిచి తోక మిగిల్చాడు. కుడి పక్కకి లాగిన తాడు చివర, ప్రహరీ మూల ఉన్న ఇనుప స్తంభం దగ్గర రేడియో ఉన్నాడు. ముడి అతను వేసిందే. స్తంభానికి కొత్తగా రంగేశారు. ఆ నున్నదనానికి ముడి మెల్లిగా పైకి జారడం అతను చూశాడు.

"బావా, తాడు బాగానే ఉంది, కానీ" అన్నాడు.

మేస్త్రీ చెవులకి రంపం మోత వినపడకుండా డొప్పలున్నాయి. ముందు మాటలు ఆ డొప్పలు మింగేశాయి. ఒక్క మాటే దాటుకుని లోపలికి వచ్చింది. ఏళ్ల తరబడి ఏ మాట వింటే చెయ్యి తనంతట తను కదిలేదో, ఆ మాటే. తల తిప్పి చూడలేదు. తోక తెంపేశాడు.

చెట్టు ఒక్క ఊపున బయల్దేరింది. స్తంభం మీది ముడి జర్రున జారి ఊడింది. ఊడిన తాడు రేడియో కాళ్లని చుట్టి లేవనెత్తి ప్రహరీకేసి కొట్టింది. గోదాముకి గీత కూడా పడలేదు. యజమాని వచ్చి రేకులన్నీ చూసుకుని "అబ్బ, ఏం పడగొట్టారండీ" అని మెచ్చుకున్నాడు కూడా. గోడ పక్కన మనిషి ఉన్నట్టు ఆయన చూడలేదు.

తుంటి ఎముక పిండైంది. ప్రాణం దక్కింది, నడక దక్కలేదు.

ఆస్పత్రి వరండాలో చెక్క బెంచీ మీద చెల్లెలు కూర్చుంది. లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది తను. కబురు విని అలాగే పరుగెత్తుకొచ్చింది, ఎవరిదో సగం మడిచిన చొక్కా ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని మడుస్తూ, విప్పుతూ, మళ్లీ మడుస్తూ అడిగింది. "ఆయనేమన్నారు అన్నయ్యా?"

"కానీ అన్నాడు."

"ఆయన కూడా అదే చెబుతున్నారు. కానీ అన్నాను, ఆగుతాడనుకున్నాను అని."

ఒకే మాటకి ఇద్దరు సాక్షులు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఏ కోర్టూ తీర్పు చెప్పలేని తగువు అది.

"ఎలా అన్నారు? గబుక్కున అన్నారా, సాగదీశారా? నీకు తెలీదా ఆయన ఎలా అంటారో?"

అప్పుడు మేస్త్రీ నోటి వెంట ఏ మాటైనా రావచ్చు. తప్పైపోయిందనొచ్చు. ఏడవొచ్చు. ఏమీ అనకుండా చెల్లెలి పక్కన కూలబడొచ్చు. కానీ భయం పట్టిన మనిషి ముందు తన ఒంటినే కాచుకుంటాడు. "తాడు దగ్గర వేరే మాట ఉండకూడదని నాన్న చెప్పలేదా? బావ ఎందుకు మాట్లాడాడు?" అన్నాడు.

చెల్లెలు చొక్కా మడవడం ఆపింది. "నాన్న ఏం చెప్పాడో నేనడగలేదు. నువ్వు తల తిప్పి చూశావా?"

"లేదు."

"ఒక్కసారి. ఒక్కసారి ఆయన ముఖం చూస్తే తెలిసేది కదా." ఆమె లేచి నిలబడింది. "ఇంక మా గడప తొక్కకు." అంత పెద్ద గొంతున్న మనిషి ఆ మాట ఎంత మెల్లిగా అందంటే, పక్క బెంచీ మీద వాళ్లకి కూడా వినపడలేదు.

ఆ తర్వాత అతను పని మానలేదు. మానేస్తే బాగుండేదని కొందరన్నారు, వాళ్లకేం, అంటారు. మాట మాత్రం మానేశాడు. కొత్తగా పెట్టుకున్న తాడు మనిషి చేతికి ఎర్ర గుడ్డ ఇచ్చాడు. అది ఊపాలి, మేస్త్రీ తిరిగి చూడాలి, మళ్లీ ఊపాలి, అప్పుడు తోక. ఇదే ముందు చేసి ఉంటే అని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు, గుడ్డ ఊగిన ప్రతిసారీ అదే చెబుతుంది.

ఇంకో జబ్బు కూడా పట్టుకుంది. 'కానీ' అన్న మాట ఎవరి నోట వచ్చినా, ఎక్కడ వచ్చినా, ఉన్నచోటే కొయ్యబారిపోతాడు. వాళ్లు ఆ పైన ఏమంటారోనని ఎదురుచూస్తూ నిలబడతాడు. భార్య వంటింట్లోంచి "తిందురు గానీ రండి" అంటే చేతులు కడుక్కుంటున్నవాడు అలాగే ఆగిపోతాడు, కొళాయి కారుతూనే ఉంటుంది.

"ఏమండీ, అది పిలుపండీ. దాని వెనక ఇంకేం లేదు. అన్నం ఉంది, అంతే."

"ఆహా, వస్తున్నా."

"మీతో మాట్లాడాలంటే నేను చదువుకుని రావాలి" అని విసుక్కునేది ఆమె. కంచం పెట్టాక పక్కకి తిరిగి కళ్లు తుడుచుకునేది. పని దగ్గర కూలీలు అతన్ని ఆటపట్టించడానికి కావాలని ఆ మాట అని చూసేవాళ్లు. అతను బొమ్మలా నిలబడిపోతే కాసేపు నవ్వేవాళ్లు, తర్వాత వాళ్లకే నవ్వు వచ్చేది కాదు.

అసలు ఆ రోజు బావ ఆ మాట ఎలా అన్నాడన్నది అతనికి నిజంగా తెలియదు. మొదట్లో తల్చుకుంటే పొట్టిగా, కొయ్యమన్నట్టే వినిపించేది. రాను రాను జ్ఞాపకంలో ఆ చివరి దీర్ఘం సాగడం మొదలుపెట్టింది. ఏడాదికేడాది ఇంకాస్త సాగింది. ఇప్పుడైతే ఒక మనిషి తీరిగ్గా వెనక్కి తిరిగి చూసి, రంపం కింద పెట్టి, మంచినీళ్లు తాగి వచ్చేంత పొడుగ్గా వినిపిస్తుంది. మనసు తనకి నచ్చినట్టు మార్చుకుంటుందంటారు. అతని మనసు తనని పొడిచేటట్టు మార్చుకుంటోంది.

చెల్లెలు ఉండే వీధి అతని దారిలో లేదు. అయినా వారానికోసారి ఆ దారి అతనికి దగ్గర దారి అయ్యేది. వరసగా కట్టిన రెండేసి గదుల అద్దె ఇళ్లలో ఆమెది చివరిది. వెనక వంటగది, దాని వెనక మురుగుకాలవ, కాలవ గట్టున ఒక పెద్ద చెట్టు. ఆ చెట్టు ఒరుగుతోంది. మొదటిసారి చూసినప్పుడే పసిగట్టాడు. మురుగు నీరు వేళ్ల కింది మట్టిని తినేస్తోంది, పై బరువంతా వంటగది మీదికి తిరుగుతోంది. ఊళ్లో వాళ్ల బీరువాలకి అట్టముక్కలు పెట్టించే మనిషి, సొంత చెల్లెలికి ఆ ఒక్క సంగతి చెప్పలేక మోటారు సైకిలు ఆపకుండా వెళ్లిపోయేవాడు. లాండ్రీ యజమానితో చెప్పించి చూశాడు. "ఎవరు చెప్పమన్నారో నాకు తెలుసు. నా ఇంటి మీద ఏది పడితే నాకేంటి ఇంక" అందిట.

ఒక రాత్రి గాలివాన కొట్టింది. తెల్లారేసరికి గొడుగేసుకుని ఒకావిడ మేస్త్రీ గుమ్మంలో ఉంది. చెల్లెలి ఎదురింట్లో ఉండే దర్జీ ఆవిడ.

"మీ చెల్లెలింటి వెనక చెట్టు వేళ్లు లేచిపోయాయి. వంటగది గోడకి ఇంత దూరంలో ఆగింది. మునిసిపాలిటీ వాళ్లు వచ్చి చూసి, మా వల్ల కాదు, కోస్తే తన్నుతుంది అని వెళ్లిపోయారు."

"తను పంపిందా మిమ్మల్ని?"

ఆవిడ గొడుగు దులుపుతూ ఇబ్బందిగా నవ్వింది. "పంపింది. తను పంపినట్టు చెప్పొద్దంది."

మేస్త్రీ కాఫీ కూడా తాగలేదు. అతని తాడు మనిషి అప్పటికే ఇంకో వీధిలో కారు మీద పడ్డ చెట్టు దగ్గర ఇరుక్కుని ఉన్నాడు. రంపం, తాళ్లు, చీలలు తనే వేసుకుని వెళ్లాడు. వీధి ముందు నుంచి వెళ్లలేదు, కాలవ గట్టు మీదుగా వెనక్కి వచ్చాడు. గడప తొక్కొద్దన్న మాట గడప వరకే అనుకున్నాడు.

చెట్టు చూడగానే ఎదురుచూసే సమయం లేదని తెలిసింది. వేళ్లు తెగుతున్న చప్పుడు లోపల్నుంచి వస్తోంది. చెల్లెలు వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు నెరిసింది. అతను ముఖం చూడకుండా, చెట్టుతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "లోపల ఎవరూ ఉండకూడదు. అతన్ని కూడా బయటికి తీసుకెళ్లాలి."

కాసేపటికి ఇంటి ముందు వైపు నుంచి ఒక గొంతు వినిపించింది. "మెల్లిగా పట్టండి, నేనేం సిమెంటు బస్తా కాదు. బాగానే మోస్తున్నారు, కానీ." ఎవరో నవ్వారు. దర్జీ ఆవిడ కొట్లోకి కుర్చీతో సహా మోసుకెళ్తున్నట్టున్నారు. మేస్త్రీ రంపానికి పెట్రోలు పోస్తున్నవాడల్లా చెయ్యి ఆపి నిలబడ్డాడు. ఇన్నేళ్లకి విన్నాడు. రేడియో అదే, ఒక్క మాటా పోలేదు. ఆ 'కానీ' తర్వాత అతనేమన్నాడో ఇల్లు అడ్డమై వినపడలేదు.

చెట్టెక్కి ఇంటి వైపు కొమ్మలు కొన్ని ముందే దించాడు. పైన తాడు కట్టి, కప్పీ గుండా తిప్పి, గట్టు చివరి ఇనుప స్తంభానికి బిగించాడు. ముడి కింద గోనె గుడ్డ చుట్టాడు, జారకుండా. దిగొచ్చి చూస్తే చెల్లెలు కొంగు బిగించి స్తంభం దగ్గర నిలబడి ఉంది.

"నువ్వొద్దు" అన్నాడు.

"ఇంకెవరున్నారు?"

"తాడు ఉచ్చు లోపల కాలు పెట్టకు."

"నాకు చెప్పకు."

నిజమే, ఆమెకి చెప్పే హక్కు తనకి లేదు. మేస్త్రీ తల వంచుకుని జేబులోంచి ఎర్ర గుడ్డ తీసి ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు. "గుడ్డా వద్దు, మాటా వద్దు. చెయ్యెత్తుతాను. నువ్వు తల తిప్పి నన్ను చూడు. చూశాకే కొయ్యి" అంది.

కాలవ గట్టు వెంబడి పడేలా మానుకి నోరు తెరిచాడు. ఇంటికి దూరంగా ఉన్న పక్క కీలుని లావుగా ఉంచాడు, ఇంటి పక్కకి వచ్చేసరికి సన్నగా తెచ్చాడు. రంపం ముక్కుని కడుపులోకి పొడిచినప్పుడు మాను మూలిగింది. వీపు దాకా వచ్చి, తోక మిగిల్చి, రంపం తీశాడు. చెవుల మీది డొప్పలు పీకి పారేశాడు. తల తిప్పాడు.

చెల్లెలు తాడు మీద అరచెయ్యి పెట్టి, కొన నుంచి స్తంభం దాకా కళ్లతో కొలుస్తోంది. తొందరపడలేదు. వేరు ఇంకోటి తెగిన చప్పుడైంది, అయినా తొందరపడలేదు. ముడిని వేలితో నొక్కి చూసి, పక్కకి జరిగి, సూటిగా అతని కళ్లలోకి చూసింది. అన్నేళ్లలో మొదటిసారి. చెయ్యెత్తింది.

తోక తెగింది. చెట్టు ముందు ఇంటి వైపే కదిలింది. లావు కీలు పట్టి తిప్పింది, తాడు లాగింది, మాను మెల్లిగా ముఖం తిప్పుకుని గట్టు పొడవునా పడుకుంది. వంటగది గోడ మీద రెండు ఆకులు రాలాయి. వీధి వెనక చేరిన జనం చప్పట్లు కొట్టారు. అతను వాళ్లవైపు చూడలేదు, స్తంభం వైపు చూశాడు. చెల్లెలు నిలబడే ఉంది, రెండు కాళ్ల మీద.

తాళ్లు చుట్టేసరికి రేడియోని మళ్లీ ఇంట్లోకి మోసుకొచ్చేశారు. మేస్త్రీకి వెళ్లిపోవాలని తెలుసు. కాళ్లే ఇంటి ముందుకి తీసుకెళ్లాయి. ముందు గది తలుపు సగం తెరిచి ఉంది. లోపల మంచం కోడు, దుప్పటి అంచు, గోడకి ఆనించిన చంకకర్రలు కనిపిస్తున్నాయి. చెల్లెలు గుమ్మానికి అడ్డంగా నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. ఆమె ముఖంలో కోపం లేదు, ఒక అలసట ఉంది.

"బావని..." అని ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు. "బావని ఒక్కసారి చూసిపోనా?"

ఆమె వెనక్కి తిరిగి మంచం వైపు చూసింది. అతని వైపు చూసింది. చెప్పులు లేని, బురదైన అతని కాళ్ల వైపు చూసింది. ఏదో వదులుకుంటున్నట్టు పక్కకి జరిగి, దారిచ్చి అంది.

"కానీ."

మేస్త్రీ కొయ్యబారిపోయాడు.

కాలు లేవలేదు. గడప ముందే ఉంది, తలుపు తెరిచే ఉంది, మనిషి పక్కకి తప్పుకునే ఉంది. కళ్లకి ఇదంతా కనిపిస్తోంది. ఒంటికి మాత్రం ఆ మాటొక్కటే వినిపించింది. దాని వెనక వచ్చేదేదో రావాలి, అది పూర్తిగా విన్నాకే కదలాలి. అతను తల కాస్త వంచి, ఆ మిగతా సగం కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. లోపల్నుంచి "ఎవరే అక్కడ?" అని రేడియో గొంతు వచ్చింది. అయినా ఎదురుచూశాడు.

చెల్లెలు మొదట తెల్లబోయింది. అతను ఎందుకు ఆగాడో మెల్లిగా అర్థమైంది. అర్థమైన కొద్దీ ఆమె ముఖంలో పట్టు సడలింది, ఆ వెంటనే గోదాము గోడా, ఆస్పత్రి బెంచీ, ఇన్నేళ్లుగా తను ఎత్తి దించుతున్న ఆ మనిషి బరువూ అన్నీ ఒక్కసారి ఆ ముఖంలోకి తిరిగొచ్చాయి. తలుపు రెక్క మీద చెయ్యి వేసింది.

"ఇవాళ ఆగావా అన్నయ్యా" అంది. "ఆగాల్సింది ఇవాళా?"

ఆమె తలుపు వేసేసింది. లోపల "ఎవరే?" అని మళ్లీ అడిగాడు రేడియో. "ఎవరూ లేరు, చెట్టు కొట్టడానికి వచ్చినతను" అన్న జవాబు తలుపు ఇవతలికి స్పష్టంగానే వినిపించింది. మేస్త్రీ ఆ వాక్యం కూడా పూర్తయ్యేదాకా ఆగి, తాళ్లు భుజాన వేసుకుని కాలవ గట్టు వైపు నడిచాడు.